గంతలంగడిలో నది

కల్లూరులో షేరాటో దిగి "గంతలంగడి యాడ?" అని అడిగితే, ఆ వేసవిలో ఎవరూ వెంటనే దారి చూపించేవాళ్ళు కాదు. అడిగిన మనిషిని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "పొద్దున ఏమన్నా తింటిరా?" అనేవాళ్ళు. ఆ ప్రశ్నలో వెటకారం ఎంత ఉండేదో దయ కూడా అంతే ఉండేది.

అంగడి అసలు పేరు అది కాదు. బోర్డు మీద 'ఉరుకుందు వీఆర్ గేమ్స్' అని నీలం రంగులో ఉంది. శివరాత్రికి రాయించిన నీలం, రెండు నెలల ఎండకే పది ఉతుకులు పడిన చీర రంగుకు దిగింది. లోపల ఒకే గది. ఒకప్పుడు వేరుశనగ బస్తాలు వేసిన గది కాబట్టి గోడల్లో ఇంకా కాయల వాసన దాక్కుని ఉంది. ఒక కంప్యూటరు, ఒక స్టూలు, పైకప్పు కొక్కెం నుంచి వేలాడే తీగ, ఆ తీగ చివర కళ్ళకు కట్టుకునే నల్లటి పెట్టె. గానుగెద్దుకు గంతలు కట్టినట్టు ఆ పెట్టె కట్టుకుని పెద్దపెద్ద మనుషులు గాలిలో చేతులు తిప్పుతుంటే వీధి చూసింది, నవ్వింది, పేరు పెట్టేసింది.

ఉరుకుందుది ఎమ్మిగనూరు. తండ్రి బసవన్న గుంట మగ్గంలోకి నడుముదాకా దిగి నలభై ఏళ్ళు నేశాడు. ఆయన నేసిన తువ్వాలులో నీళ్ళు పోస్తే, కిందికి దిగాలా వద్దా అని నీళ్ళు కాసేపు ఆలోచించుకునేవని ఆ వాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "పోగు తగ్గించినోడు మాట తగ్గించినోడే" అనేది ఆయన మాట. ఆయన పోయాక మగ్గం గుంట పూడ్చి, పైన నాపరాళ్ళు పరిచారు. మాట మాత్రం పూడలేదు. ఉరుకుందు దాన్ని వెంటబెట్టుకుని కర్నూలు వచ్చి సెల్‌ఫోన్ల అంగడిలో, నెట్ సెంటర్లో, జిరాక్సు మిషను దగ్గర, పెళ్ళిళ్ళ వీడియోలు కత్తిరించే గదిలో పనిచేశాడు. నాలుగు చోట్లా ఎవరో ఒకరు "ఇంగ రావద్దులేప్పా" అన్నారు. ముప్పై ఎనిమిదో ఏట, తన పేరు తనే రాయించుకున్న మొదటి బోర్డు ఇది. పొద్దున తలుపు తీసేముందు దాన్ని ఒకసారి చదువుకునేవాడు, ఎవరైనా అక్షరం మార్చారేమోనని.

ఆ కంప్యూటర్లో ఆటలు ఎన్నో ఉన్నా అందరూ అడిగేది ఒక్కటే, పడవ ఆట. గంతలు కట్టుకోగానే గది పోతుంది. మంచు కొండల మధ్య నీలంగా ఒక నది. చేతిలో తెడ్డు. తుంగభద్ర ఇసుకగా మారి, మధ్యలో నాలుగు మడుగులు అద్దం ముక్కల్లా మిగిలే నెలల్లో, ట్యాంకరు రెండురోజులకొకసారి వచ్చే వీధిలో, అన్ని నీళ్ళు. కొందరు తెడ్డు వేయడం మరిచిపోయి ఊరికే చూస్తూ కూర్చునేవాళ్ళు. ఒకాయన అయితే దోసిలి పట్టాడు.

ఆ నది విషయంలో ఉరుకుందు ఎక్కడా లోభించలేదు. ఆటలో ప్రతిదానికీ తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, అత్యధికం అని మెట్లుంటాయి. నీడలు, ప్రతిబింబాలు, ఆకుల అంచులు, అలల నురగ, నది అడుగున తిరిగే చేపలు, అన్నీ చివరి మెట్టు మీదే పెట్టాడు. బొమ్మ చిక్కదనాన్ని నూటికి నూట యాభై చేశాడు. తన కంప్యూటరు ఓ మోస్తరుదనీ, అంత బరువు మోయలేదనీ తెలియక కాదు. వీడియోల్లో, రాతల్లో, తెలిసినవాళ్ళంతా ఒకటే మాట చెబుతున్నారు: తగ్గించు, తగ్గించు. ఆ మాట వినపడితే చాలు, అతని ముఖం బసవన్న ముఖం అయిపోయేది. నేతగాడి కొడుకు పలచన చేయడమా? పైగా కర్నూలు జిల్లాలో పుట్టి నీళ్ళు తగ్గించడమా?

అలా ఎక్కడా తగ్గని ఆ నదిలో జనానికి తల తిరిగేది. తల కుడికి తిప్పితే నది ఒక్క క్షణం ఆలోచించుకుని తిరిగేది. మనిషి ముందు, లోకం వెనక. ఆ రెంటి మధ్య సందులోకి కడుపు జారేది. పడవ దిగినవాళ్ళు దిగినట్టే మెట్ల మీదికి పరిగెత్తేవాళ్ళు.

ఆ మెట్లు రాజ్యలక్ష్మమ్మవి. గది ఆమెది, గది వెనక ఇల్లు ఆమెది, ముందు అరుగు ఆమెది. బద్వేలులో బట్టల వ్యాపారం చేసిన ఇంట పుట్టింది. ఆరు పదులు దాటినా చీర చేతికిస్తే కొంగు చూడదు, లోపలి మడత తిప్పి చూస్తుంది. తెల్లవారకముందే మెట్లు తనే కడిగి, తనే ముగ్గు వేస్తుంది. మొదటి ఇద్దరు మెట్లు పాడుచేసినప్పుడు ఆమె మాట్లాడకుండా రెండేసి బిందెలు పోసి కడిగింది. మూడోవాడు నాగరాజ్.

నాగరాజ్ లారీ డ్రైవరు. నాపరాళ్ళ లోడుతో నల్లమల ఘాటు మలుపులన్నీ ఆవలిస్తూ దిగే మనిషి. అలాంటివాడు నాలుగు కాళ్ళ స్టూలు మీద కూర్చుని, రెండో మలుపుకే గంతలు పీక్కుని బయటికి వచ్చి, సరిగ్గా ముగ్గు మీద వాంతి చేసుకున్నాడు.

ఉరుకుందు వెంటనే అరుగు అవతలి కొసకు చెయ్యి చూపించాడు. అక్కడ రేకు నీడలో హనుమమ్మ బొరుగుల ఉగ్గాని, బజ్జీల బండి ఉంది.

"అమ్మా, ఆటది కాదు తప్పు. ఈయప్ప నాలుగు మిరపకాయ బజ్జీలు తిని వచ్చి కూచున్నాడు."

హనుమమ్మ చేతిలో జల్లిగంటె ఆగింది. ఆమెదీ ఎమ్మిగనూరే. పెళ్ళయిన కొత్తలో మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి. ఉరుకుందు ఆమెను అత్తా అని పిలుస్తాడు. ఆ పిలుపు ఆ పూట పనికిరాలేదు.

"ఏమప్పా అల్లుడా, ముప్పై ఏండ్ల నుంచి బజ్జీలు ఏస్తాండా. నా బజ్జీ తిని కడుపు పట్టుకున్నోడు లేడు. నీ గంతలు కట్టుకుని పట్టుకోనోడు లేడు."

"ఎండాకాలంలో నూనె..."

"నూనె గురించి మాట్లాడితే చూడు! ఏమప్పా నాగరాజూ, నువ్వు చెప్పు. నా బజ్జీలు ఎట్లుండె?"

నాగరాజ్ మెట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళు తెరవకుండానే, "బజ్జీలు బాగుండె అక్కా," అన్నాడు. "రెండుసార్లూ."

రాజ్యలక్ష్మమ్మ బిందె కింద పెట్టింది.

"ట్యాంకరోడు మనకు పోసేదే పది బిందెలు. మీ మెట్ల సేవకే పోతాంటే నేను దేంతో వండుకోవల్ల? మీ ఇద్దర్లో ఎవరిదో ఒకరిది తప్పు. ఎవరి మాటా నేను నమ్మను. సరుకు చూసి నమ్ముతా."

మర్నాడు పొద్దున ఆమె అరుగు మీద కూర్చుని ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు తింది. చెయ్యి కడుక్కుని గడియారం చూసుకుంటూ గంటసేపు కదలకుండా కూర్చుంది. పాలవాడు ఆగాడు. ఇద్దరు ఆటోవాళ్ళు ఆగారు. హనుమమ్మ పొయ్యి మంట తగ్గించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంట నిండగానే రాజ్యలక్ష్మమ్మ హాయిగా ఒక త్రేనుపు త్రేన్చింది. తీర్పు అదే.

"బజ్జీది కాదు," అంది లేస్తూ. "ఇంగ మిగిలింది నీది. ఆదివారం పొద్దున మళ్ళా ఇదే తిని, నీ గంతలు నేనే కట్టుకుంటా. కడుపులో ఏమన్నా కదిలిందంటే, సోమవారానికల్లా గది ఖాళీ చేయల్లప్పా. మనసులో పెట్టుకోవద్దు."

ఆ రోజు సోమవారం. ఉరుకుందు బోర్డు వైపు చూశాడు. ఎండలో అతని పేరు ఇంకొంచెం వెలిసినట్టు కనపడింది.

గెలిచినవాళ్ళకు దయ తొందరగా వస్తుంది. ఆ మధ్యాహ్నమే హనుమమ్మ మిగిలిన ఉగ్గాని గిన్నెలో పెట్టుకుని మొదటిసారి గంతలంగడి లోపలికి అడుగుపెట్టింది. మూలన బల్ల మీద నిండా దుప్పటి కప్పుకుని ఏదో గుర్రుగుర్రుమంటోంది.

"ఎవురప్పా అది, జ్వరమొచ్చినోళ్ళ మాదిరి?"

"కంప్యూటరు అత్తా. దుమ్ము పడకుండా కప్పినా. నాయన నేసిన దుప్పటి."

బసవన్న దుప్పటి. గాలి కూడా అనుమతి అడిగి లోపలికి పోవాల్సినంత చిక్కటి నేత. హనుమమ్మ దాని కింద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"కాలిపోతాండాది గదరా! వేడి బజ్జీల మీద దుప్పటి కప్పుతారా ఎవరన్నా? చెమట పట్టి ముద్దయిపోతాయి. నేను ఏం కప్పుతాండా చూడలేదా? ఉల్లిపొర మాదిరి బట్ట. ఆవిరి బయటికి పోవల్ల, ఈగ లోపలికి రాకూడదు."

ఉరుకుందుకు అది ఎన్నడూ తట్టలేదు. నాన్న దుప్పటి వల్ల చెడు జరుగుతుందని ఏ కొడుకుకు తడుతుంది? కంప్యూటరు వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిస్తుందని అతను చదివే ఉన్నాడు. చదివిన మాటకూ, కప్పిన దుప్పటికీ మధ్య చుట్టరికం ఉందని మాత్రం ఇప్పుడే తెలిసింది. దుప్పటి మడిచి అటక మీద పెట్టాడు. హనుమమ్మ ఇచ్చిన పలచటి బట్టను కిటికీకి కట్టాడు, దుమ్ము అక్కడే ఆగేలా. కంప్యూటరు పక్క రేకు విప్పితే, ఫ్యాను రెక్కల మీద కల్లూరు మొత్తం మెత్తగా పేరుకుని ఉంది. కుంచెతో దులిపాడు. గుర్రు తగ్గింది. నది కొంచెం తేలిక పడింది. కొంచెమే.

మంగళవారం లోపలి దుమ్ము దులిపాడు. పడవ ఆట నడుస్తుండగా, దాని వెనక ఎవరికీ కనపడకుండా ఆ కంప్యూటరు ఇంకో పదకొండు పనులు చేస్తోంది. పాటలు పాడుతోంది, ముప్పై పేజీలు తెరిచి పెట్టుకుంది, వైరస్‌ల కోసం మూలమూలా వెతుకుతోంది, ఎప్పుడో మరిచిపోయిన జిరాక్సు మిషను కోసం ఎదురుచూస్తోంది. పైగా ఇంటి అలవాటు కొద్దీ కరెంటు ఆదా చేసే పద్ధతిలో పెట్టి ఉంది. నదిని నడిపే యంత్రం అరపూట కూలీ మాదిరి పనిచేస్తోందన్నమాట. అన్నీ మూశాడు. నిండు బలంతో పనిచేయమన్నాడు. మళ్ళీ కొంచెం తేలిక. తల తిప్పితే మాత్రం నది ఇంకా ఆలోచించుకునే తిరుగుతోంది.

అతనికి అర్థం కానిది ఒకటే. తెర మూలన ఆకుపచ్చ అంకె ఒకటి ఉంటుంది. సెకనుకు ఎన్ని బొమ్మలు కళ్ళముందు మారుతున్నాయో చెబుతుంది. తొంభై ఉండాలి. మనిషి ఒక్కసారి రెప్ప వేసేలోపు పది బొమ్మలు మారాలన్నమాట. అతని తెర మీద మొదటి రోజు నుంచీ తొంభైయే. వచ్చినవాళ్ళకు చూపించి, "తొంభై ఉండాది చూడన్నా, నూటికి నూరు," అని గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

బుధవారం మధ్యాహ్నం ఆ అంకె కింద చీమలబారు అక్షరాల్లో ఇంకో వరస ఉందని గమనించాడు. చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. అసలు బొమ్మలు నలభై ఐదు. మిగతా నలభై ఐదు, కంప్యూటరు అందుకోలేక, ముందు బొమ్మను కొంచెం జరిపి, ఇలా ఉంటుందేమోనని ఊహించి మధ్యలో పెడుతున్నవి.

కిటికీకి కట్టిన పలచటి బట్ట గాలికి లోపలికి ఉబ్బి, మళ్ళీ వెనక్కి పోతోంది.

బసవన్న జీవితంలో ఒకే ఒక మనిషిని తిట్టాడు. పలచటి నేతకు చిక్కగా గంజి పట్టించి, గట్టి బట్టని చెప్పి సంతలో అమ్మిన మనిషిని. మొదటి ఉతుకుకే గంజి పోయి, బట్ట జల్లెడవుతుంది. కొన్నవాడి కళ్ళు అప్పుడు తెరుచుకుంటాయి.

ఉరుకుందు బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అత్తా, ఇన్నాళ్ళూ నేను గంజిబట్ట అమ్ముతి."

హనుమమ్మ బొరుగులు నానబెట్టి పిండుతోంది. "ఏంది?"

"సగం బొమ్మలు లేవు. లేనిచోట ఊహ పూసి అమ్ముతి. పోగు తగ్గించగూడదని అన్నీ ఎక్కువ పెట్టినా. అంత నేయలేక మగ్గం దెబ్బ తప్పుతాండాది. తప్పినచోటంతా గంజి."

హనుమమ్మకు బొమ్మల సంగతి తెలియదు. మగ్గం సంగతి తెలుసు. ఆమె చేతులు ఆగాయి.

"దెబ్బ తప్పితే ఎంత మంచి నూలయినా ఏం లాభమురా? మీ నాయన మగ్గం చప్పుడు మా ఇంటికి వినపడేది. ఒకటే వరస. ఆ చప్పుడుకే మా చంటిది నిద్రపోయేది. మీ నాయన గొప్ప నూలులో ఉండెనా, ఆ వరసలో ఉండెనా?"

"మరి పోగు తగ్గిస్తే?"

"యాడ తగ్గిస్తావో చూసుకోవల్ల." ఆమె లేచి నిలబడింది. ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుంది. "ఈ చీరె చూడు. కొంగులో ఎంత పని ఉండాది? అంచులో ఎంత? మరి ఈడ, లోపల దోపుకునే మూరెడు? ఒక్క బుటా ఉండాదా? ఎవురన్నా దోపుకునే దాంట్లో బుటాలు ఏస్తారా? మీ నాయన ఏసినాడా?"

"లేదు."

"మోసం చేసినాడంటావా?"

ఆ సాయంత్రం గంతలు కట్టుకున్నప్పుడు ఉరుకుందు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నదిని కాకుండా తన చూపును గమనించాడు. చూపు ఎక్కడికి పోతోంది? ఎదురుగా, తెడ్డు తగిలే నీటి మీదికి. తల తిప్పితే తిప్పిన వైపు నడిమికి. కంటి చివర్లలో ఉన్నదంతా మసకే. అది అక్కడ ఉందని తెలిస్తే చాలు, ఏముందో ఎవరికీ అక్కర లేదు. ఆ మసకలో ఒక్కో ఆకుకూ ఒక్కో నీడ వేస్తూ అతని కంప్యూటరు రొప్పుతోంది. అన్నాళ్ళూ అతను దోపుకునే మూరలో జరీ నేశాడు.

గురువారం చిక్కదనం నూట యాభై నుంచి నూరుకు దించాడు. చూస్తే తేడా తెలియలేదు. అది అతనికి కొంచెం అవమానంగా కూడా అనిపించింది. చూపు అంచుల్లో మోటు నేత, నడుమ సన్ననేత ఉండేలా మార్చే వీలుందని కనిపెట్టి అలా మార్చాడు. నీడలను రెండు మెట్లు దించాడు. శుక్రవారం కొండల ప్రతిబింబాలు నీళ్ళలో సగం పలచనయ్యాయి. కింద ఉన్న చీమల వరస నలభై ఐదు నుంచి అరవై, డెబ్బై, ఎనభై నాలుగు. అక్కడ ఆగింది.

శనివారం నాగరాజ్ లోడు దించి వస్తూ కనపడితే, "అన్నా, ఒక్కసారి ఎక్కి చూడు, బాగు చేసినా," అని పిలిచాడు.

"నాకి పెండ్లాం పిల్లలుండారప్పా," అని నాగరాజ్ రోడ్డు అవతలి పక్కనుంచే నడిచిపోయాడు.

ఎనభై నాలుగు. ఇంకా ఆరు కావాలి. ఇంక మిగిలింది ఒక్కటే, చేపలు.

రెండో మలుపు దాటాక, పడవ కింద, నది అడుగున నాలుగు వందల వెండి చేపలు గుంపుగా తిరుగుతాయి. ఎవరూ వంగి చూడరు. అందరి కళ్ళూ మంచు కొండల మీదే. ఆట తెచ్చిన మొదటి రోజు ఉరుకుందు ఒక్కడే వంగి చూశాడు. గుంపు ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు, నది అడుగున ఎవరో పట్టుకొంగు విదిలించినట్టు మెరిసింది. ఆ మెరుపు కోసమే ఈ అంగడి పెట్టాడని చెబితే ఎవరూ నమ్మరు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

'చేపలు' అన్నచోట 'వద్దు' అని నొక్కాడు. పై అంకె తొంభై. కింది అంకె తొంభై. తల కుడికి తిప్పాడు. నది ఆలోచించలేదు. చూపుతోబాటే వచ్చింది. బసవన్న మగ్గం చప్పుడులా, ఒకటే వరస.

ఆదివారం పొద్దున ఎనిమిదికి రాజ్యలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు తింది. ఐదోది కూడా అడిగి తీసుకుంది.

"నాలుగే గదమ్మా అనుకున్నది?" అన్నాడు ఉరుకుందు నీరసంగా.

"తూకం కొంచెం ఎక్కువుంటేనే నమ్మకం," అంది ఆమె.

వీధి వీధంతా అక్కడే ఉంది. నాగరాజ్ కూడా వచ్చాడు. ఎవరైనా తనలాగే పడిపోతారేమో చూద్దామని వచ్చినవాడి ముఖం పెట్టుకుని, మెట్లకు దూరంగా నిలబడ్డాడు. హనుమమ్మ ముందుజాగ్రత్తగా ఒక ఖాళీ బకెట్టు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. ఉరుకుందు దాన్ని చూసి, చూపు తిప్పుకున్నాడు.

రాజ్యలక్ష్మమ్మ స్టూలు మీద కూర్చుంది. జుట్టుముడి చెదరకుండా ఉరుకుందు పట్టీ బిగించాడు. తెడ్డు పట్టుకునే పిడులు రెండూ ఆమె చేతుల్లో పెట్టాడు.

ఆమె కొంతసేపు ఊరికే కూర్చుంది. తల కుడికి తిప్పింది. ఎడమకు తిప్పింది. వెనక్కి తిరిగి చూసింది. ఉరుకుందు ఆమె గొంతునే చూస్తున్నాడు. ఆమె గుటక మింగితే అతనూ మింగాడు. మొదటి మలుపు. నాగరాజ్‌ను దించిన రెండో మలుపు. ఆమె పెదవులు బిగుసుకున్నాయి. హనుమమ్మ బకెట్టును కాలితో అంగుళం ముందుకు జరిపింది.

అప్పుడు రాజ్యలక్ష్మమ్మ ఒక పిడి వదిలేసి, ఆ చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని మడమల పైకి ఎత్తుకుంది. చీర తడవకుండా.

గుమ్మంలో ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె వినలేదు. కుచ్చిళ్ళు ఒక చేత, తెడ్డు ఒక చేత పట్టుకుని మూడో మలుపు తిరిగింది, నాలుగో మలుపు తిరిగింది. పావుగంట అయింది. అరగంట అయింది. బయట బజ్జీల పిండి పులుస్తోంది. ట్యాంకరు వచ్చి హారన్ కొట్టింది. ఎప్పుడూ బిందెతో అందరికంటే ముందుండే మనిషి కదల్లేదు.

"అమ్మా, ట్యాంకరు వచ్చినాది," అన్నాడు ఉరుకుందు.

"ఉండనీప్పా, ఈడ ఇన్ని నీళ్ళుండాయి," అంది ఆమె.

ఆ మాట పూర్తి కాకముందే ఆమె ముందుకు వంగింది. హనుమమ్మ బకెట్టు అందుకుంది. ఆమె ఇంకా వంగింది, పడవ అంచు మీదుగా, కిందికి, నీళ్ళలోకి. చీర లోపలి మడత తిప్పి చూసినట్టు నది లోపలికి చూసింది. అట్లాగే వంగి చాలాసేపు ఉండి, లేచి, తనే పట్టీ విప్పుకుంది. కళ్ళు నులుముకుంది. గదిని, గోడలను, అంతమంది మనుషులను, ఇవన్నీ ఎక్కడినుంచి వచ్చాయన్నట్టు చూసింది.

"కడుపులో ఏమీ కదల్లేదు," అంది. "నీళ్ళు బాగుండాయి. శానా బాగుండాయి. కానీ ఏమప్పా, చేపలేవీ?"

ఉరుకుందు తెర వైపు తిరిగాడు.

"ఇంత నదిలో ఒక్క చేపన్నా లేదేంది? అడుగంతా చూసినా. బోసిగా ఉండాది."

కల్లూరు మొత్తంలో వంగి చూసే మనిషి ఒక్కరుంటే, ఆ ఒక్కరూ ఆమే. ఉరుకుందు చెవులు ఎర్రబడ్డాయి. తండ్రి ముందు పలచటి బట్టతో దొరికిపోయినవాడిలా నేలచూపులు చూశాడు. అప్పుడు అతని వెనకనుంచి, చేతిలో ఖాళీ బకెట్టుతో, హనుమమ్మ తాపీగా అంది:

"ఎండాకాలం గదమ్మా. లోతుకు పోయుంటాయి."

రాజ్యలక్ష్మమ్మ ఆమె వైపు చూసింది. ఉరుకుందు వైపు చూసింది. వ్యాపారం తెలిసిన మనిషి. ఏది సరుకో, ఏది మాటో ఆమెకు తెలుసు. అయినా తల ఊపింది.

"అట్లనా? అయితే వానలు పడినాక మళ్ళా వస్తా. అప్పటికి పైకి రావల్ల."

బిందె తీసుకుని ట్యాంకరు దగ్గరికి వెళ్ళిపోయింది. వానలు పడేదాకా గది అతనిదేనని అందులో ఉన్న అర్థం ఉరుకుందుకు తెలియడానికి కొంత సమయం పట్టింది. తెలిశాక వెళ్ళి స్టూలు మీద కూలబడ్డాడు. నాగరాజ్ లోపలికి వచ్చి, గొంతు సవరించుకుని, "నాకీ ఒకసారి కట్టుప్పా," అన్నాడు, మొగోడి పరువు సంగతి కాబట్టి.

ఆ తర్వాత ఉరుకుందు ఎన్నో మధ్యాహ్నాలు కిందివరస అంకె ముందు కూర్చున్నాడు. పది చేపలు వేస్తే ఎనభై తొమ్మిదికి దిగుతుంది. తొమ్మిది వేసినా అంతే. ఎక్కడో ఒకచోట పోగు తీయాలి. నీటిలో తీయడానికి మనసొప్పదు. ఒకరోజు బండి దగ్గర ఆ మాటే అంటే, హనుమమ్మ బజ్జీ తిరగేస్తూ అడిగింది:

"ఆ కొండల మీద తెల్లగా ఉండేదేంది?"

"మంచు అత్తా."

"ఈడ ఎవురు చూసినార్రా మంచు? పలచన చేయి. కర్నూల్లో పట్టుబడవులే."

తొలి వాన పడిన పొద్దున, రేకు మీద చినుకుల చప్పుడు మగ్గంలా ఒకటే వరసలో పడుతుండగా, రాజ్యలక్ష్మమ్మ ఐదు బజ్జీలు తిని, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పడవెక్కింది. రెండో మలుపు దాటగానే వంగింది. గుమ్మంలో నిలబడి ఉరుకుందు ఆమె పెదవులనే చూస్తున్నాడు. అవి నెమ్మదిగా కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు... లెక్కపెడుతోంది.